తెలుగు బోల్డ్ అక్షరాలు వాల్చితే ఎందుకు చెడతాయి, ఎలా సరిచేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: హైదరాబాద్ రామ్‌నగర్‌లో కాలనీ కబడ్డీ పోటీలకు 10×4 అడుగుల ఫ్లెక్సీ, కొన్ని జెర్సీలు కావాలి. ఇంగ్లిష్ స్పోర్ట్స్ బ్రాండ్ల మీద కనిపించే లావాటి, ముందుకు వాలిన అక్షరాల్లాంటివి తెలుగులో ఉండాలి, కింద ఇంగ్లిష్ వరుస కూడా కావాలి. కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘కబడ్డీ పోటీలు’ అని టైప్ చేసి 20 డిగ్రీలు స్క్యూ చేస్తే, అంటే పాదం కదలకుండా పైభాగాన్ని పక్కకు వాల్చితే, దూసుకెళ్తున్నట్టు కాకుండా తూలిపడుతున్నట్టు వచ్చింది. రెడీమేడ్ ఫాంట్ ఏదైనా ఉందా, లేకపోతే ఏం చేయాలి?

రెడీమేడ్ ఫాంట్ మీద ఆశ పెట్టుకోకండి. గూగుల్ ఫాంట్స్‌లో టీరో తెలుగుకు ఇటాలిక్ ఉంది కానీ అది పుస్తకంలో చదువుకునే అక్షరం. గీతలు సన్నం, ఫ్లెక్సీ మీద తేలిపోతుంది. మీకు కావలసింది నిలువు బోల్డ్ ఫాంట్ తీసుకుని చేత్తో సరిచేసి వాల్చుకోవాల్సిందే. ఆరు అక్షరాల టైటిల్ కాబట్టి ఒక సాయంత్రం పని. చెడిపోవడానికి కారణం తెలిస్తే ఆ సాయంత్రం వృథా కాదు.

ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఎక్కువ భాగం నిలువు గీతలు, అడ్డ గీతలు. పక్కకు స్క్యూ చేస్తే అడ్డ గీత మందం అసలు మారదు. నిలువు గీత 20 డిగ్రీలకు కూడా 6 శాతమే సన్నబడుతుంది, కంటికి ఆనదు. తెలుగులో ఉన్నదంతా గుండ్రం. గుండ్రటి గీతను స్క్యూ చేస్తే కుడి పైభాగం, ఎడమ కిందిభాగం లావెక్కుతాయి. ఎడమ పైభాగం, కుడి కిందిభాగం చిక్కిపోతాయి. లెక్క చూడండి. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న సున్నాను 20 డిగ్రీలు వాల్చితే ఒక మూల 12 మిల్లీమీటర్లు, ఇంకో మూల 8.3 అవుతుంది. ఒకే సున్నాలో 44 శాతం తేడా అన్నమాట. మీ టైటిల్‌లో ప్రతి అక్షరం పొట్టకూ ఇదే జరిగింది. 10 డిగ్రీలకు తగ్గిస్తే అవే మూలలు 10.9, 9.2 అవుతాయి. తేడా 19 శాతం. ఇంకా ఉంది, కానీ సరిచేయగలిగినంతే.

ఇంగ్లిష్‌లో కూడా మంచి వాలు ఫాంట్లను ఊరికే స్క్యూ చేసి వదిలేయరు. హెల్వెటికా అనే ఇంగ్లిష్ ఫాంట్‌కు ఉన్న వాలు రూపం, అంటే ఆబ్లిక్, వాలు 12 డిగ్రీలు. దాన్ని చూసి ‘ఇంతేగా’ అనిపిస్తుంది కానీ, జాగ్రత్తగా చేసిన ఏ ఆబ్లిక్‌లోనైనా ‘ఓ’, ‘ఎస్’ లాంటి గుండ్రటి అక్షరాల వంపులు మళ్లీ దిద్ది ఉంటాయి. వర్డ్‌లో ఐ బటన్ నొక్కినప్పుడు వచ్చే తెలుగు ఇటాలిక్‌లో ఆ దిద్దుబాటు ఉండదు, అది యంత్రం వాల్చిన వాలు. దానికి ఇంకో జబ్బు కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో ముక్కను దాని సొంత మొదలు నుంచి వాల్చుతుంది. వత్తును కిందకో గుణింతం గుర్తును పైకో జరిపి అతికించే ఫాంట్లలో, ఆ జరిపిన దూరానికి తగ్గ వాలు కలవదు. వత్తు పక్కకు జరిగినట్టు, గుడి ఊడి వచ్చినట్టు కనిపించేది ఇందుకే. అందువల్ల ఇటాలిక్ బటన్ జోలికి పోకండి. అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే టైపు నుంచి గీతల బొమ్మగా మార్చి, మొత్తం పదాన్ని ఒకే వస్తువుగా వాల్చండి.

ఇక ఫాంట్ ఎంపిక. తెలుగు అక్షరానికి సెరిఫ్ (గీత చివర ఉండే చిన్న అడ్డ కొస) అనేదే లేదు కాబట్టి ఇక్కడ ‘సాన్స్’ అంటే గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉండేదని అర్థం చేసుకోండి. అనెక్ తెలుగు ఎక్స్‌ట్రాబోల్డ్ నా మొదటి ఓటు. అది వేరియబుల్ ఫాంట్. బరువు 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు మార్చుకోవచ్చు. నోటో సాన్స్ తెలుగు బ్లాక్ కూడా పనికొస్తుంది, బరువు 900 వరకు వెళ్తుంది. రామభద్ర బాగా లావు, దూరానికి బాగా ఆగుతుంది, కానీ లోపలి ఖాళీలు తక్కువ కాబట్టి జెర్సీ సైజులో పూడుకుపోతుంది. బాలూ తమ్ముడు 2 చివర్లు మెత్తగా గుండ్రంగా ఉంటాయి. వాల్చితే ఐస్‌క్రీమ్ బండి మీద బాగుంటుంది గానీ కబడ్డీకి ఆ మెత్తదనం నప్పదు. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సువే. పోస్టర్‌కు వాడుకోవచ్చు, ఆకారాలు మార్చుకోవచ్చు.

మీ దగ్గర యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే ఉంటే వాటితోనూ చేయొచ్చు. ఎలాగూ కర్వ్స్ చేస్తాం కాబట్టి యూనికోడా కాదా అన్నది ఇక్కడ పెద్ద తేడా కాదు. ఒక్కటి మాత్రం చేయకండి: సన్నటి ఫాంట్‌కు అవుట్‌లైన్ దట్టించి బోల్డ్ చేయడం. గీత రెండు వైపులా ఉబ్బుతుంది. ‘ధ’ కింద ఒత్తు గీత పొట్టకు అంటుకుని ‘ద’ అవుతుంది, ‘ఠ’లో చుక్క మాయమవుతుంది, ‘ణ’, ‘శ’ ముద్దలవుతాయి. నిజమైన బ్లాక్ వెయిట్‌లో డిజైనర్ ఆ ఖాళీలను ముందే కాపాడి ఉంటాడు.

ఫొటోషాప్‌లో చేస్తున్నవాళ్లు టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ అన్న ఆప్షన్ కనిపిస్తే దాన్ని ఎంచుకోవాలి. పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. అది లేకపోతే వత్తు కట్టదు, ‘డ్‌డీ’ అని పొల్లుతో విడిపోతుంది. కానీ ఈ పనికి ఫొటోషాప్ కన్నా కోరెల్ గానీ ఇలస్ట్రేటర్ గానీ నయం. నోడ్లు, అంటే వంపును పట్టి ఉంచే చుక్కలు, దిద్దాలి కదా.

వాలు ఎంత పెట్టాలి? తెలుగుకు 8 నుంచి 10 డిగ్రీలు. 12 దాటితే ప్రతి అక్షరాన్నీ తిరిగి గీయాల్సిందే. మన అక్షరాల్లో తలకట్టు ముందే కుడివైపుకు ఎగిసి ఉంటుంది. అందుకే 9 డిగ్రీల తెలుగు, 12 డిగ్రీల ఇంగ్లిష్ పక్కపక్కన పెడితే సమానంగా వాలినట్టే కనబడతాయి.

స్క్యూ చేసే ముందు పదాన్ని ఒకసారి పరిశీలించండి. మీ టైటిల్‌లో ఉన్నవి క, బ, డ్డీ, పో, టీ, లు. అసలు గొడవంతా ‘డ్డీ’ దగ్గరే. ఫ్లెక్సీ మీద అక్షరం ఒంటి ఎత్తు, అంటే పైన గుడి, కింద వత్తు లెక్కపెట్టకుండా, ఒక అడుగు అనుకుందాం. వత్తు నడిమి భాగం పాదరేఖకు (అక్షరాలు కూర్చునే గీతకు) 15 సెంటీమీటర్లు కింద, గుడిదీర్ఘం 38 సెంటీమీటర్లు పైన ఉంటాయనుకోండి. పాదరేఖ నుంచి 20 డిగ్రీలు వాల్చితే వత్తు 5.5 సెంటీమీటర్లు ఎడమకు, గుడిదీర్ఘం 13.8 సెంటీమీటర్లు కుడికి పోతాయి. ఒకే అక్షరంలోని రెండు ముక్కలు 19 సెంటీమీటర్లకు పైగా ఎడమయ్యాయి. వత్తు ‘బ’ కిందకు దూరింది, గుడిదీర్ఘం ‘పో’ దిక్కుకు పోయింది. తూలుతున్నట్టు మీకనిపించింది ముఖ్యంగా దీనివల్లే. 10 డిగ్రీలకు అవే దూరాలు 2.6, 6.7. అప్పుడు కూడా వత్తును విడిగా పట్టుకుని, జరిగిన దాంట్లో సగం, అంటే 1.3 సెంటీమీటర్లు వెనక్కి కుడికి లాగండి. కొలత ప్రకారం అది తప్పు, కంటికి అదే ఒప్పు. రావత్తు ఉన్న పదాలకు ఇది ఇంకా అవసరం. అది ముందే ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది, వాల్చితే ముందు అక్షరం పాదం మీదకు ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు పని. పదాన్ని టైప్ చేసి, స్పెల్లింగ్ ఇంకొకరికి చూపించి, కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయండి. ఇలస్ట్రేటర్ అయితే క్రియేట్ అవుట్‌లైన్స్. టైప్ చేసిన ఒరిజినల్‌ను పేజీ పక్కన దాచుకోండి, తేదీ మారిందనో పేరు మారిందనో ఫోన్ వస్తే మళ్లీ మొదటికి రాకుండా. ప్రతి అక్షరాన్నీ దాని గుణింతం, వత్తుతో కలిపి విడి గ్రూపు చేయండి. గ్రూపులో ఒకదాని మీద ఒకటి ఎక్కిన ముక్కలుంటే వెల్డ్ చేసి ఒకే ముక్కగా కలపండి, లేదంటే తర్వాత అవుట్‌లైన్ వేసినప్పుడు లోపలి అతుకులు బయటపడతాయి.

నేరుగా 10 డిగ్రీలు స్క్యూ చేయకుండా దాన్ని రెండుగా విడగొట్టండి. ముందు ప్రతి అక్షరాన్నీ దాని మధ్యబిందువు చుట్టూ 4 డిగ్రీలు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. ఇలస్ట్రేటర్‌లో ట్రాన్స్‌ఫామ్ ఈచ్‌లో మైనస్ 4 ఇస్తే అన్ని గ్రూపులూ ఎక్కడివక్కడ తిరుగుతాయి. కోరెల్‌లో ఒక్కోటి విడిగా తిప్పుకోవాలి, ఆరే కదా. తర్వాత పదం మొత్తాన్ని కలిపి 6 డిగ్రీలు స్క్యూ చేయండి. మొత్తం వాలు దాదాపు 10 డిగ్రీలే వస్తుంది. తిప్పడం వల్ల గీత మందం మారదు కాబట్టి చెడిపోయేది 6 డిగ్రీల మేరకే. ఆ 10 మిల్లీమీటర్ల సున్నా ఇప్పుడు 10.5, 9.5 అవుతుంది. తేడా 19 నుంచి 11 శాతానికి దిగింది. ఈ కిటుకు ఇంగ్లిష్ అక్షరాలకు ఇంత తేలిగ్గా కుదరదు, అడ్డ గీతలు కిందికి జారతాయి. మనకు అడ్డ గీతలు లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. గ్లిఫ్స్ అనే ఫాంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో కర్సివీ అన్న ఆప్షన్ కూడా వాల్చేటప్పుడు వంపుల మందం కాపాడటానికే పెట్టారు. మ్యాక్ ఉన్నవాళ్లు దాన్ని వాడొచ్చు.

తిప్పిన తర్వాత అక్షరాల పాదాలు ఎగుడుదిగుడు అవుతాయి. గైడ్‌లైన్ గీసి ఒక్కోటి కూర్చోబెట్టండి. గుండ్రటి పాదం గీతకు కొద్దిగా కిందకు దిగాలి, ఎత్తులో 1.5 నుంచి 2 శాతం. అడుగు ఎత్తు అక్షరానికి అర సెంటీమీటరు. సరిగ్గా గీత మీద పెడితే పైకి తేలినట్టుంటుంది.

తలకట్టు సంగతి వేరు. టిక్కు గుర్తులా ఉండే దాని కుడి కొమ్మ 45 డిగ్రీల్లో లేచి ఉందనుకుంటే, ఈ తిప్పుడూ స్క్యూ అయ్యేసరికి 38.5 డిగ్రీలకు పడుకుంటుంది. ఎడమ ముక్క నిటారవుతుంది. ఎగసిపడాల్సిన తలకట్టు వాలిపోతే ఊపు పోయినట్టే. కాబట్టి ‘క’ మీది తలకట్టును తీసేసి 45 డిగ్రీల్లో కొత్తది గీయండి. దాని చివరను పదం వాలుకు సమాంతరంగా, అంటే 10 డిగ్రీల వాలు గీతతో తెగ్గొట్టండి. తలకట్టు ఉన్న ప్రతి అక్షరానికీ అదే ముక్క కాపీ చేసి అతికించండి. పదం అంతటా ఒకే కోత కనిపిస్తే, వాల్చిన అక్షరం కాదు, వాలుగా పుట్టిన అక్షరం అనిపిస్తుంది. ‘బ’కు తలకట్టు లేదు. ‘క’ తలకట్టు కుడి కొస దాని భుజం మీది ఖాళీలోకి వెళ్లేలా రెండింటినీ దగ్గరికి లాగండి. ‘లు’లో కొమ్ము పదానికి ఆఖరి గీత. దాన్ని ఓ పది శాతం పొడిగించి అదే కోత వేస్తే పదం అక్కడ ఆగకుండా ముందుకు పోతుంది.

వంపుల్లో మిగిలిన ఆ 11 శాతం తేడాను షేప్ టూల్‌తో సరిచేయండి. గీత బయటి అంచును ముట్టుకోకండి, లోపలి ఖాళీ నోడ్లను మాత్రమే కదపండి. లావైన కుడి పై మూలలో లోపలి అంచును బయటికి, సన్నబడిన ఎడమ పై మూలలో లోపలికి. కొలవడానికి గీత మందమంత వ్యాసం ఉన్న చిన్న వృత్తం గీసి వంపు పొడవునా జరుపుతూ చూడండి, ఎక్కడ ఇరుక్కుంటుందో ఎక్కడ వదులో తెలిసిపోతుంది. పూర్తి సున్నా ఉన్న పదాలైతే లోపలి రంధ్రం తీసేసి, కాస్త ఎక్కువ వాలిన దీర్ఘవృత్తం కొత్తగా పెట్టడం తేలిక.

అక్షరాల మధ్య సందు మామూలు కన్నా తగ్గించండి. వేగంగా కనిపించడంలో వాలు కన్నా బిగువుదే పెద్ద పాలు, దీన్ని చాలామంది పట్టించుకోరు. కానీ రెండు అక్షరాల మధ్య కనీసం గీత మందంలో ఐదో వంతు ఖాళీ ఉంచండి. ఫ్లెక్సీ సిరా కొంత పాకుతుంది, రాత్రి ఫ్లడ్‌లైట్ వెలుతురులో ఖాళీలు ఇంకా చిన్నవిగా కనిపిస్తాయి.

పదాన్ని ఏటవాలుగా పైకి ఎక్కించాలని ఉంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. పైకి తిప్పిన ప్రతి డిగ్రీకీ అక్షరం ముందు వాలు ఒక డిగ్రీ తగ్గుతుంది. 10 డిగ్రీలు వాల్చిన పదాన్ని 5 డిగ్రీలు పైకెత్తితే ఫ్లెక్సీ అంచుతో పోలిస్తే మిగిలేది 5 డిగ్రీలే. 3 డిగ్రీలు దాటించకండి. రెండు వరుసల టైటిల్ అయితే వత్తులున్న పదాన్ని కింది వరుసలో పెట్టండి. ‘కబడ్డీ’ పైన, ‘పోటీలు’ కింద పెడితే ‘డ్డీ’ వత్తు, ‘పోటీలు’లోని ఓత్వం, గుడిదీర్ఘం ఢీకొంటాయి. ఒకే వరుసలో ఉంచడం మీకు మంచిది.

తెల్ల అంచు, నీడ అన్నీ వాల్చడం పూర్తయ్యాకే వేయండి. ముందు వేసి స్క్యూ చేస్తే అంచు మందం కూడా మూలమూలకూ మారిపోతుంది. అంచు అక్షరం బయటికి మాత్రమే పెరగాలి. కోరెల్‌లో కాంటూర్ అవుట్‌సైడ్ గానీ, అవుట్‌లైన్‌కు బిహైండ్ ఫిల్ గానీ వాడండి. మూలలు రౌండ్ జాయిన్ పెట్టండి. మైటర్ (కోసుగా ఉండే మూల) అయితే తలకట్టు మడత దగ్గర ముల్లులా పొడుచుకొస్తుంది. అడ్డంగా కోసే వేగపు గీతలు అక్షరాల మీదుగా పోనివ్వకండి. ప, ఫ, ష, హ లాంటివాటి తేడాలు లోపలి చిన్న గీతల్లోనే ఉంటాయి, అక్కడ ఒక కోత పడితే అక్షరమే మారిపోతుంది. కావాలంటే ‘క’ ఎడమ అంచు నుంచి వెనక్కి రెండు మూడు గీతలు సాగదీయండి, చాలు.

కింద ఇంగ్లిష్ కూడా కావాలన్నారు. బార్లో కండెన్స్‌డ్ బ్లాక్ ఇటాలిక్ గానీ కనిత్ బ్లాక్ ఇటాలిక్ గానీ తీసుకోండి, రెండూ నిజంగా గీసిన ఇటాలిక్‌లే. పెద్దక్షరాల ఎత్తు తెలుగు ఒంటి ఎత్తులో 75–80 శాతం ఉంటే సమానంగా కనిపిస్తాయి. జెర్సీ నంబర్లు కూడా అదే ఫాంట్‌లో.

హైదరాబాద్ కాబట్టి బోర్డు మీద ఉర్దూ వరుస కూడా అడిగేవాళ్లుంటారు. దాన్ని మాత్రం తెలుగుతో పాటు కుడికి స్క్యూ చేయకండి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు, కుడికి వాల్చితే చదివేవాళ్లకు వెనక్కి పడుతున్నట్టుంటుంది. పైగా ఉర్దూ రాసే నస్తాలిక్ శైలిలో ప్రతి పదం ముందే పై నుంచి కిందకు జారుతూ వస్తుంది, దాని ఊపు దానికుంది. ఛత్తా బజార్‌లో ఉర్దూ రాసేవాళ్లతో లావు కలంతో రాయించి స్కాన్ చేసి పెట్టుకుంటే ఏ ఫాంట్ కన్నా బాగుంటుంది.

ప్రింట్‌కు 10×4 అడుగుల అసలు సైజులో 72 డీపీఐ చాలు, అంటే 8640×3456 పిక్సెళ్లు. 300 డీపీఐ పెడితే ఫైలు బరువెక్కడం తప్ప లాభం లేదు. రంగులు సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్ సిరాల రంగు పద్ధతిలో, ఉంచండి. ఐలెట్లు (తాడు కట్టే రింగులు) వేయడానికి నాలుగు వైపులా 3 అంగుళాల్లో అక్షరం రాకూడదు. వాలిన పదం కుడి పై మూల, ఎడమ కింది మూల ఆ హద్దులోకి చొచ్చుకొస్తాయి, అవి ముందు చూడండి. షాపులో మీ ఫాంట్ ఉండదు. ఏ ఒక్క చిన్న లైనూ, ఫోన్ నంబరుతో సహా, కర్వ్స్ కాకుండా వెళ్లకూడదు. అక్కడ ఆపరేటర్ ఫాంట్ మార్చేసి తెరిస్తే వత్తులన్నీ పోతాయి.

జెర్సీకి ఇదే డిజైన్‌ను చిన్నది చేసి పంపకండి. సబ్లిమేషన్ (వేడితో సిరాను బట్టలోకి ఇంకించే ప్రింటు) అయితే దాదాపు ఇలాగే నడుస్తుంది, బట్ట లేత రంగు పాలిస్టర్ అయి ఉండాలి. వినైల్ కట్ చేసి హీట్ ప్రెస్ చేసేదైతే అంచు, నీడ తీసేయండి. ఏ గీతా 2 మిల్లీమీటర్ల కన్నా, ఏ ఖాళీ ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉండకుండా చూడండి. అంతకన్నా చిన్నవైతే వినైల్ పీకేటప్పుడు ‘డ్డీ’ వత్తులోని పొట్ట దాంతోపాటే ఊడొస్తుంది. ఛాతీ మీద 28 సెంటీమీటర్ల వెడల్పులో ‘కబడ్డీ పోటీలు’ పట్టిస్తే ఆ హద్దు కన్నా సన్నబడటం ఖాయం. అక్కడ జట్టు పేరు ఒక్కటే, అదీ వత్తు లేనిదైతే ఇంకా మంచిది, పెట్టి మిగతాది వీపుకు వదిలేయండి. కటింగ్‌కు ఇచ్చే ముందు ఆఫీసు ప్రింటర్‌లో అసలు సైజు ప్రింట్ తీసి, గోడకు అంటించి, పది అడుగుల నుంచి చూడండి. ‘డ్డీ’ని అక్కడి నుంచి తడుముకోకుండా చదవగలిగితే కట్ చేయించవచ్చు.